1,200 కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగుతోంది, ఇంజిన్ దింపాల్సిందేనా?

పాత_స్టీరింగ్:

అందరికీ నమస్తే. బండి వయసు 17 ఏళ్లు. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, మీటర్ మీద 1,84,000 కిలోమీటర్లు ఉంది. నా చేతికొచ్చి మూడేళ్లయింది. అంతకుముందు ఎవరెవరు ఎలా వాడారో తెలీదు, సర్వీస్ బుక్‌లో మొదటి నాలుగైదు పేజీలు నిండుగా ఉన్నాయి, ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

సమస్య ఆయిల్. మొదట్లో ఒక ఆయిల్ చేంజ్‌కీ ఇంకో ఆయిల్ చేంజ్‌కీ మధ్య డిప్‌స్టిక్ మీద మట్టం కాస్త దిగేది, పాత బండి కదా అని వదిలేశాను. ఈ ఆరు నెలల్లో కథ మారిపోయింది. పోయిన నెల హైవే దిగి పెద్ద మలుపు తిరుగుతుంటే ఎర్ర ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. పక్కకి ఆపి డిప్‌స్టిక్ తీస్తే కొసన కూడా తడి లేదు! డిక్కీలో ఉన్న లీటరు డబ్బా మొత్తం పోస్తే కింది గీత దగ్గరికి వచ్చింది. అప్పటి నుంచి చూసుకుంటుంటే సుమారు 1,200 కిలోమీటర్లకి లీటరు పడుతోంది.

ముగ్గురు మెకానిక్‌లకి చూపించాను, ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. ఒకాయన ఆయిల్ మూత తీసి, అక్కడి నుంచి వచ్చే ఆవిరి చూసి "బ్యాక్ కంప్రెషన్ ఉంది, రింగులు పోయాయి, ఇంజిన్ దింపి రీబోర్ చేయాల్సిందే" అన్నాడు, అంటే పిస్టన్ రింగులు అరిగి గ్యాస్ కిందికి దిగుతోందట, సిలిండర్లు మళ్లీ తొలిచి సరిచేయాలట. రెండో ఆయన వాల్వ్ సీల్స్ (వాల్వుల కాడల దగ్గర ఆయిల్‌ని ఆపే రబ్బర్లు) అన్నాడు. మూడో ఆయన బండి కేసి సరిగ్గా చూడను కూడా చూడలేదు, "చిక్కటి ఆయిల్ పోసి తిప్పుకోండి సార్" అనేశాడు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వెనకాల కాస్త పొగ కనిపిస్తుంది, రోజూ కాదు. పికప్ బాగానే ఉంది, మైలేజ్ తగ్గలేదు. నా దగ్గర మామూలు స్పానర్ సెట్ ఉంది, ప్లగ్గులు విప్పడం వచ్చు. ఇంజిన్ విప్పకముందే అసలు తప్పు ఎక్కడుందో తేల్చుకునే దారి ఏమైనా ఉందా? టెన్షన్‌గా ఉంది, ఆ లైటు గుర్తొస్తే బండి తీయబుద్ధి కావట్లేదు.

నట్టు_బోల్టు:

ముందు ఆ లైటు సంగతి. అది ఆయిల్ మట్టం చూపించేది కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. మలుపులో చాంబర్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఉన్న కాస్త ఆయిల్ ఒక పక్కకి జరిగింది, పంపు గొట్టం గాలి పీల్చింది, లైటు వెలిగింది. అంటే అప్పటికే చాలా ఆలస్యం అయిందని అర్థం. ఇంజిన్ కింది వైపు నుంచి కొత్తగా డబడబ శబ్దం ఏమీ లేకపోతే బేరింగులు బతికి ఉన్నట్టే, కానీ ఇంకోసారి అలా జరగనివ్వద్దు. పెట్రోల్ కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూడు.

ఇక అసలు విషయానికొస్తే, ఎవరి మాటా నమ్మకముందు కొలత కావాలి అన్నా. "సుమారు 1,200" అంటున్నావు, ఆ సుమారు ఎలా వచ్చింది? ఒకసారి వేడి ఇంజిన్ మీద, ఒకసారి చల్లటి ఇంజిన్ మీద, ఒకసారి వాలులో చూస్తే అదే డిప్‌స్టిక్ మూడు రకాలుగా చెప్తుంది. చదునైన చోటు ఒకటి ఎంచుకుని, రోజూ పొద్దున స్టార్ట్ చేయకముందు మాత్రమే చూడు. తీసి, తుడిచి, మళ్లీ పెట్టి, తీసి చూడు. పై గీత దాకా పోసి కిలోమీటర్లు రాసిపెట్టుకో, పై గీత దాటించొద్దు. ఎక్కువ పోస్తే క్రాంక్ (పిస్టన్‌లు తిప్పే కింది ఇరుసు) దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది, ఆ తుంపర్లు బ్రీదర్ పైపులోంచి ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్ గాలి పీల్చుకునే దారి) పోయి కాలిపోతాయి, నువ్వేమో ఇంకా తగ్గిందని ఇంకా పోస్తావు. 500 కిలోమీటర్లు అయ్యాక మళ్లీ పై గీత దాకా రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో గీతలున్న సీసాతో కొలువు. చాలా కార్లకి రెండు గీతల మధ్య దాదాపు లీటరు ఉంటుంది కానీ నీ బండి మాన్యువల్లో ఎంతుందో చూసుకో.

ఇంకో చిన్న మెలిక ఉంది, చాలామంది దీని దగ్గరే మోసపోతారు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, కాలని పెట్రోల్, నీటి ఆవిరి ఆయిల్లో కలుస్తూ ఉంటాయి. ఆయిల్ తగ్గుతున్నా మట్టం అలాగే కనిపిస్తుంది. ఒక్కసారి లాంగ్ డ్రైవ్ వెళ్తే ఆ కలిసినవన్నీ ఆవిరైపోయి మట్టం ధబేల్న దిగుతుంది. "ఒక్క రోజులో అర లీటరు తాగేసింది" అని గోల పెట్టేవాళ్లలో సగం మంది కథ ఇదే.

రెండోది, కారిపోతోందా కాలిపోతోందా. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి పొద్దున చూడు. అట్ట శుభ్రంగా ఉంటే కారట్లేదని మాత్రం అనుకోకు, కొన్ని లీకులు ఇంజిన్ నడుస్తున్నప్పుడే ఉంటాయి. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ వెనక వైపు గట్టిపడితే ఆయిల్ సన్నగా దిగి వేడి ఎగ్జాస్ట్ మీద పడి అక్కడే కాలిపోతుంది, నేల మీద చుక్క ఉండదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాసన మాత్రం వస్తుంది. క్రాంక్ ముందు సీల్, గేర్‌బాక్స్ కలిసే చోట వెనక సీల్, చాంబర్ ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు వాషర్, ఫిల్టర్ అంచు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఇవన్నీ టార్చ్ వేసి చూడాలి. ఇంజిన్ బాగా తుడిచి రెండు రోజులు తిప్పి మళ్లీ చూస్తే తడి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. పైనుంచి చూడు, ఆయిల్ కిందికి, గాలికి వెనక్కి పోతుంది, కాబట్టి తడిసిన చోటు కాదు, తడి మొదలైన చోటు కావాలి. 1,200 కిలోమీటర్లకి లీటరు కారితే మాత్రం బండి కింద అంతా జిడ్డోడుతూ ఉంటుంది, దాక్కోదు. కింద పొడిగా ఉంటే కాలుతోందనే లెక్క.

నాలుగో_గేరు:

ఇంత కథ ఎందుకు బ్రో. నా పాత బండి కూడా ఇలాగే తాగేది, 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోసి మూడేళ్లు తిప్పి అమ్మేశా. ఇంజిన్ దింపితే మాత్రం మళ్లీ ముందులా ఉండదు, అది నా మాట.

చేతికి_గ్రీజు:

కొలత, లీకు గురించి నట్టు_బోల్టు గారు చెప్పింది నూటికి నూరు. కాలుతోందని తేలితే ఎటు నుంచి సిలిండర్‌లోకి వస్తోందో తేల్చాలి. దారులు మూడే, పై నుంచి వాల్వ్ గైడ్‌ల (వాల్వు కాడలు జారే గొట్టాలు) వెంట, కింది నుంచి రింగులు దాటి, పక్క నుంచి పీసీవీ పైపు (చాంబర్‌లోని గ్యాస్‌ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) ద్వారా ఇన్‌టేక్‌లోకి. టర్బో ఉంటే నాలుగో దారి ఉండేది, నీకు లేదు కాబట్టి వదిలేయ్.

పొగ ఉందా లేదా అన్నది కాదు, ఎప్పుడు వస్తోంది అన్నది చూడాలి. నువ్వు డ్రైవ్ చేస్తూ అద్దంలో చూస్తే సరిపోదు, ఎవరినైనా వెనక ఇంకో బండిలో రమ్మను, ఫోన్ మాట్లాడుతూ చెప్పమను.

పొద్దున మొదటి స్టార్ట్‌లో ఒక్కసారి నీలం పొగ బుస్సుమని వచ్చి నిమిషంలో పోతే, రాత్రంతా వాల్వ్ సీల్స్ దాటి కొద్దికొద్దిగా దిగిన ఆయిల్ కాలుతోందన్నమాట. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేస్తే వచ్చినా అటు వైపే చూడాలి. అసలైన పరీక్ష దిగుడు రోడ్డు. గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి పొడుగ్గా కిందికి వచ్చి, అడుగున మళ్లీ తొక్కు. కాలు తీసినప్పుడు థ్రాటిల్ (గాలి దారికి ఉండే తలుపు) మూసుకుని ఉంటుంది, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, లోపల గుంజుడు విపరీతంగా ఉంటుంది. గైడ్ వదులుగా ఉంటే ఆ గుంజుడికి ఆయిల్ లోపలికి జారి, తొక్కగానే నీలం పొగగా బయటపడుతుంది. అదే ఎక్కుడు రోడ్డులో బరువు లాగుతున్నంత సేపూ పొగ వస్తూనే ఉంటే రింగుల మీద అనుమానం పెట్టుకోవచ్చు.

ఒక హెచ్చరిక. క్యాటలిటిక్ కన్వర్టర్ వేడిగా ఉన్నప్పుడు కొంత పొగని అక్కడే కాల్చేస్తుంది. కాబట్టి "పొగ కనపడలేదు, కాలట్లేదు" అనుకోవద్దు. ఆ ఆయిల్లో ఉండే భాస్వరం, జింక్ లాంటివి కన్వర్టర్ లోపలి పూతని మెల్లమెల్లగా చంపేస్తాయి, ఆ నష్టం తర్వాత తెలుస్తుంది. పొగ రంగు కూడా సరిగ్గా చూడు. నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. దట్టంగా తెల్లగా, తీపి వాసనతో వచ్చి ఇంజిన్ వేడెక్కినా తగ్గకపోతే కూలెంట్. చలికి వచ్చే పల్చటి తెల్ల ఆవిరి మామూలే. నీలం పొగ వేరు, ఆ వాసన ఒకసారి పీల్చినవాడు మర్చిపోడు.

ఇప్పుడు పీసీవీ. ఎక్కువమంది దీన్ని చివర చూస్తారు, నేనైతే మొదటే చూస్తాను, ఎందుకంటే ఇంజిన్ విప్పక్కర్లేదు. ఎంత మంచి ఇంజిన్‌లో అయినా రింగులు దాటి కొంత గ్యాస్ చాంబర్‌లోకి దిగుతుంది. ఆ గ్యాస్‌ని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వ్ అది, గుంజుడు ఎక్కువైనప్పుడు దారి తగ్గించడం దాని పని. జిడ్డు పట్టి మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీల్స్ నుంచి ఆయిల్ బయటికి తోస్తుంది. తెరుచుకునే ఉండిపోతే గ్యాస్‌తో పాటు ఆయిల్ తుంపర్లని కూడా స్ట్రా పెట్టి పీల్చినట్టు పీల్చేస్తుంది.

పరీక్ష ఇలా చెయ్. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టు. మెల్లగా కిందికి అతుక్కుంటే బాగున్నట్టు. పైకి ఎగిరి పడుతుంటే పీసీవీ మూసుకుపోయిందన్నా అనుకోవాలి, రింగులన్నా అనుకోవాలి. లోపలికి గుంట పడేలా గట్టిగా లాగేస్తూ, ఐడిల్ కూడా మారితే పీసీవీ వైపు గుంజుడు మరీ ఎక్కువుంది. నీ మొదటి మెకానిక్ చూసిన "బ్యాక్ కంప్రెషన్" గురించి చెప్పాలంటే, మూత తీస్తే కాస్త ఆవిరి ఏ ఇంజిన్‌లో అయినా వస్తుంది, దాన్ని చూసి రీబోర్ దాకా వెళ్లిపోవడం అన్యాయం. థ్రాటిల్ బాడీకి వచ్చే పెద్ద రబ్బర్ గొట్టం కూడా విప్పి చూడు, లోపల ఆయిల్ నిలిచి ఉందా అని.

పాత_స్టీరింగ్:

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా, అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పినవి చాలావరకు చేశాను.

500 కిలోమీటర్లకి సరిగ్గా 400 మిల్లీలీటర్లు పట్టింది. బండి కింద పొడిగానే ఉంది, ట్యాపెట్ కవర్ పక్కన మాత్రం చెమట పట్టినట్టు కాస్త జిడ్డు, చుక్కలేమీ లేవు. మా తమ్ముడు వెనకాల బైక్ మీద వచ్చాడు. పొద్దున స్టార్ట్‌లో ఒక బుస్సు, దిగుడు తర్వాత తొక్కితే ఇంకో బుస్సు, ఎక్కుడులో లాగుతున్నప్పుడు ఏమీ లేదన్నాడు, పైగా "నీ వెనక రావడం ఇదే ఆఖరు" అని కూడా అన్నాడు.

కంప్రెషన్ గేజ్ ఒక స్నేహితుడి దగ్గర దొరికింది. ఇంజిన్ వేడి మీద, ప్లగ్గులన్నీ తీసి, పెట్రోల్ పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కనెక్షన్ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తొక్కి పట్టుకుని చూశాను. వరసగా 172, 170, 158, 171 పీఎస్ఐ. తర్వాత ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి చూస్తే 184, 181, 170, 182. ప్లగ్గుల్లో 1, 2, 4 లేత గోధుమరంగులో బాగానే ఉన్నాయి. మూడోది నల్లగా, మరల దాకా తడిగా, ఒక పక్క మాత్రం బూడిద పెళుసుగా అంటుకుని ఉంది, గోరుతో గీకితే రాలింది.

కంప్రెషన్ ఇంత బాగుంది కాబట్టి రింగులు బాగున్నాయనే కదా? పీసీవీ ఇంకా చూడలేదు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) కింద ఎక్కడో ఉంది, నా చెయ్యి పట్టట్లేదు.

రాత్రి_డ్యూటీ:

ఆగండాగండి. ఆ చివరి ముక్క దగ్గరే చాలామంది బోల్తా కొడతారు, నేనూ కొట్టాను.

పిస్టన్‌కి మూడు రింగులుంటాయి. పై రెండూ ముఖ్యంగా కంప్రెషన్ పట్టడానికి. మూడోది ఆయిల్ రింగు, అది ఒక్క ముక్క కాదు, చాలా ఇంజిన్‌లలో రెండు పల్చటి పట్టీలు, మధ్యలో స్ప్రింగులాంటి ముడతల ముక్క ఉంటాయి. గోడ మీద ఆయిల్‌ని గీకి వెనక ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి కిందికి పంపడం దాని పని. ఆయిల్ టైముకి మార్చకపోతే ఆ రంధ్రాలు కార్బన్‌తో పూడిపోతాయి, పట్టీలు గాడిలో బిగుసుకుపోతాయి. అప్పుడు పై రెండు రింగులూ శుభ్రంగా పనిచేస్తుంటాయి, గేజ్‌లో 170 చూపిస్తుంది, ఆయిల్ మాత్రం హాయిగా పైకి పోతుంటుంది. నా బండికి నాలుగూ 175 పైన ఉండేవి, 900 కిలోమీటర్లకి లీటరు తాగేది. విప్పి చూస్తే ఆయిల్ రింగు వేలితో నొక్కినా కదల్లేదు, గాడిలో సిమెంట్ పోసినట్టు ఉంది. కాబట్టి కంప్రెషన్ తక్కువుంటే తప్పు ఉందని రుజువు, బాగుంటే మాత్రం పై రింగులూ వాల్వులూ మరీ పాడవలేదని మాత్రమే తెలిసింది. ఆయిల్ వేసి చూసినప్పుడు అన్నిటికీ 10, 12 పెరగడం మామూలే, ఒక్కదానికే 40 పెరిగితే అప్పుడు భయపడాలి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపే ఉంది, అది కూడా ఫర్వాలేదు.

అయినా మీ లక్షణాలు చూస్తే రింగుల వైపు తక్కువ మొగ్గుతోంది. ఆయిల్ రింగులు బిగుసుకుంటే సాధారణంగా ఒక్క ప్లగ్గుతో ఆగదు, రెండు మూడు తడుస్తాయి, హైవే మీద ఎక్కువ తాగుతుంది. మీకు మూడోది ఒక్కటే తడి, అదీ ఒక పక్కే బూడిద, పొగేమో పొద్దున, దిగుడు తర్వాత. ఇవన్నీ కలిపి చూస్తే మూడో సిలిండర్ ఇన్‌టేక్ వాల్వ్ సీల్ అనిపిస్తుంది. కానీ తొందరపడొద్దు, పీసీవీ పైపు మ్యానిఫోల్డ్‌లో ఎక్కడ కలుస్తుందో చూడండి. అది ఏ సిలిండర్ దారికి దగ్గరగా కలిస్తే ఆ సిలిండర్‌కే ఆయిల్ ఎక్కువ చేరుతుంది, ప్లగ్గు తడి చూసి సీల్ అనుకుని మోసపోయే అవకాశం ఉంది. ఫోన్‌కి తగిలించే సన్నటి బోరోస్కోప్ కెమెరా దొరికితే ప్లగ్గు రంధ్రంలోంచి పెట్టి చూడండి. పిస్టన్ నెత్తి మీద అంచు చుట్టూ కార్బన్ కడిగేసినట్టు మెరుస్తుంటే ఆయిల్ కింది నుంచి వస్తోంది. అంచు మామూలుగా నల్లగా ఉండి ఇన్‌టేక్ వాల్వ్ వైపు తడి ఉంటే పై నుంచి.

సీల్ అని తేలితే దానికి హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) దించాల్సిన పని లేదు, ఇది చాలామందికి తెలీదు, తెలిసిన మెకానిక్‌లు కూడా కొందరు చెప్పరు. పిస్టన్‌ని కాస్త కిందికి ఉంచి ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి తాడు లోపలికి కుక్కి, క్రాంక్‌ని చేత్తో తిప్పి పిస్టన్ పైకి తెస్తే తాడు వాల్వుల్ని కింది నుంచి ఆపి పట్టుకుంటుంది. తాడు రెండో కొస బయటే ఉండాలి సుమా. లేదా ప్లగ్గు రంధ్రంలోకి గాలి ప్రెషర్ పెట్టి కూడా చేస్తారు. స్ప్రింగ్ నొక్కి, లాక్‌లు తీసి, పాత సీల్ పీకి కొత్తది ఎక్కించడమే. పాత సీల్ చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, రబ్బర్‌లా వంగాల్సింది గాజు గాజులా విరుగుతుంది. ఆ లాక్‌లు మాత్రం గింజంత ఉంటాయి, ఎగిరితే దొరకవు, హెడ్‌లో ఆయిల్ దిగే రంధ్రాలన్నీ గుడ్డలతో మూసి మొదలుపెట్టాలి. నాది ఒకటి ఎగిరింది. చాంబర్‌లో పడిందేమోనని వణికిపోయి, గంటన్నర మ్యాగ్నెట్ పట్టుకుని ఇంజిన్ అంతా వెతికాను, చివరికి నా ప్యాంటు మడతలో దొరికింది. సీల్ పీకాక వాల్వ్‌ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. టకటక కదిలితే గైడ్ అరిగిపోయినట్టు, దాని మీద కొత్త సీల్ ఎక్కించినా ఎక్కువ రోజులు ఆగదు.

కొత్త_లైసెన్స్:

మధ్యలో దూరుతున్నా, సారీ. ఇంజిన్ ఫ్లష్ పోస్తే ఆ బిగుసుకున్న రింగులు వదలవా? ఇంకా ఆయిల్ తాగడం ఆపుతుందని డబ్బాల్లో ఏవో మందులు అమ్ముతారు కదా, అవి?

చేతికి_గ్రీజు:

సర్వీస్ పుస్తకంలో సగం పేజీలు ఖాళీగా ఉన్న ఇంజిన్‌లో గట్టి ఫ్లష్ నేను పోయను తమ్ముడూ. లోపల ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఒక్కసారి ముక్కలుగా ఊడితే నేరుగా చాంబర్‌లోని పంపు జాలికి అడ్డం పడుతుంది. ఆయిల్ నిండా ఉండి కూడా బేరింగులకి చేరదు, అంతకంటే ఘోరం లేదు. మంచి ఆయిల్ పోసి 3,000, 4,000 కిలోమీటర్లకే రెండు మూడుసార్లు మార్చుకుంటూ పోతే మెల్లగా శుభ్రపడుతుంది, అది నిదానం కానీ భయం లేని పని.

రింగులకే అయితే ప్లగ్గు రంధ్రాల్లోంచి కార్బన్ కరిగించే ద్రావకం కొద్దిగా పోసి రాత్రంతా నానబెట్టే పద్ధతి ఒకటుంది. కొన్ని ఇంజిన్‌లకి బాగా పనిచేస్తుంది, కొన్నింటికి అస్సలు చేయదు. చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పొద్దున ప్లగ్గులు బిగించి స్టార్ట్ కొట్టారంటే లోపలి ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసే ఉంచి, రంధ్రాల మీద గుడ్డ వేసి, పెట్రోల్ సప్లై, ఇగ్నిషన్ రెండూ ఆపేసి, సెల్ఫ్ కొట్టి అంతా బయటికి చిమ్మనివ్వాలి. ఆ ద్రావకం కిందికి కూడా దిగి ఆయిల్లో కలుస్తుంది, స్టార్ట్ చేయకముందే ఆయిల్, ఫిల్టర్ మార్చేయాలి. బేటరీ దగ్గర, వేడి ఎగ్జాస్ట్ దగ్గర ఒలకనివ్వొద్దు, మండుతుంది.

డబ్బా మందుల్లో ఎక్కువ భాగం ఆయిల్‌ని చిక్కబరచేవి, కొన్ని రబ్బర్ సీల్స్‌ని కాస్త ఉబ్బించేవి. అరిగిన లోహాన్ని ఏ మందూ పెంచదు.

నాలుగో_గేరు, 20డబ్ల్యూ-50 గురించి నీతో గొడవ లేదు, నీకు నడిచింది. కానీ ఈయన ఇంజిన్‌లో వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉంటే అది సన్నటి దారుల్లో ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది, మరీ చిక్కటిది పోస్తే మొరాయిస్తుంది, చల్లటి పొద్దున ఆయిల్ పైకి చేరడానికీ ఆలస్యం. మాన్యువల్లో ఉష్ణోగ్రత పట్టిక ఉంటుంది, అందులో ఒప్పుకున్న వాటిల్లో చిక్కటిది, ఉదాహరణకి 5డబ్ల్యూ-30 తో పాటు 10డబ్ల్యూ-40 కూడా రాసి ఉంటే రెండోది పోసుకోవచ్చు. అంతకు మించి వద్దు.

పాత_స్టీరింగ్:

దొరికింది! ఆలస్యానికి ఏమనుకోకండి, 1,000 కిలోమీటర్లు తిప్పాకే రాద్దామని ఆగాను.

ముందు మూత పరీక్ష చేశాను. ప్లాస్టిక్ కాగితం పెట్టగానే గిన్నెలా లోపలికి గుంట పడింది, లాగితే టప్పున ఊడింది, ఇంజిన్ శబ్దం కూడా మారింది. సరే అని ఎయిర్ ఫిల్టర్ పెట్టె మొత్తం తీసేసి, బండి కింద పడుకుని, టార్చ్ నోట్లో పెట్టుకుని మ్యానిఫోల్డ్ కిందికి చెయ్యి దూర్చాను. పైపు దొరికింది, లాగితే వచ్చింది. చూస్తే పీసీవీ వాల్వ్ లేదు. అసలు లేనే లేదు! వాల్వ్ ఉండాల్సిన చోట బొటనవేలంత ఖాళీ ఇత్తడి గొట్టం ముక్క, రెండు పక్కలా క్లిప్పులు బిగించి ఉన్నాయి. ఈ కొస నోట్లో పెట్టి ఊదితే గాలి ఆ కొసన ఏ అడ్డూ లేకుండా వస్తోంది. నాకంటే ముందు ఎవరి హయాంలోనో వాల్వ్ పాడైతే ఎవరో పైపులు కలిపేసి పంపించారు. రబ్బర్ గ్రోమెట్ అయితే రాయిలా గట్టిపడి ముక్కలుగా ఊడింది, ఒక్కో ముక్క ఏరి తీయాల్సి వచ్చింది, ఒకటి లోపల పడిందేమోనని అన్నీ పేర్చి చూసుకున్నా. ఆ పైపు మ్యానిఫోల్డ్‌లో కలిసేది ఎక్కడో తెలుసా, మూడో సిలిండర్ దారి పక్కనే. రాత్రి_డ్యూటీ గారికి దండం.

ఇంకోటి, నా బండి ఐడిల్ ఎప్పుడూ 1,100 ఆర్‌పీఎం దగ్గర ఉండేది, పాత బండి కదా అంతేలే అనుకునేవాణ్ణి. కొత్త వాల్వ్, గ్రోమెట్, పైపు వేసి థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాక 750 కి వచ్చి కూర్చుంది. మొదటి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయిందనుకుని తాళం తిప్పాను.

ఇప్పుడు 1,000 కిలోమీటర్లకి 350 మిల్లీలీటర్లు, అంతకుముందు 800 ఉండేది. దిగుడు తర్వాత పొగ దాదాపు పోయింది. పొద్దున బుస్సు మాత్రం ఇంకా ఉంది, మూడో ప్లగ్గు మళ్లీ తీస్తే పొడిగానే ఉంది కానీ ఆ బూడిద పక్క మళ్లీ మొదలవుతోంది. అంటే సీల్ కూడా కొంత పోయిందనేగా? టైమింగ్ బెల్ట్ మార్చే గడువు ఇంకో 6,000 కిలోమీటర్లలో ఉంది, అప్పుడు ట్యాపెట్ కవర్ ఎలాగూ తీస్తారు, సీల్స్ అన్నీ ఒకేసారి వేయిద్దామనుకుంటున్నా. అప్పటి దాకా డిక్కీలో డబ్బా ఉంటుంది.

రాత్రి_డ్యూటీ:

అవును, సీల్ కూడా ఉంది. 350 తో తొందరేమీ లేదు, బెల్ట్‌తో పాటే చేయించండి. వేసేటప్పుడు పదహారు వాల్వులుంటే పదహారు సీల్స్ లెక్కపెట్టి తీసుకోండి, ఇన్‌టేక్‌వీ ఎగ్జాస్ట్‌వీ కొన్ని ఇంజిన్‌లలో వేరువేరు, రంగు చూసి పెట్టాలి. లాక్‌ల పని మొదలుపెట్టేవాడికి నా ప్యాంటు సంగతి చెప్పండి.

నాలుగో_గేరు:

ఇత్తడి గొట్టమా 😂 సరే, నా 20డబ్ల్యూ-50 మాట వెనక్కి తీసుకుంటున్నా. రేపు నా బండిది కూడా ఒకసారి విప్పి చూస్తా.